రెండో గొంతు ఆరోగ్యమ్మ

యానాంలో సంగీతానికి సేవ చేసిన వారి వివరాలతో ఒక సంచిక వేయదలచామనీ, తెలిసిన వారి గురించి రాసి పంపవలసిందనీ ఒక సాంస్కృతిక సంఘం వారు ఈ ఏడాది, అంటే 1989 జనవరిలో, నాకు ఉత్తరం రాశారు. ఆరోగ్యమ్మ గురించి నాలుగు పేజీలు రాసి పంపాను. మూడు వారాలకు అవి తిరిగి వచ్చాయి. మొదటి పేజీ అంచున ఎర్ర సిరాతో ఒక వాక్యం ఉంది: 'ఈమె బడిలో ఆయా అని తెలిసింది. విద్వాంసుల వివరాలు మాత్రమే పంపగలరు.'

ఆ కాగితాన్ని కూడా దాచాను. నేను ఏ కాగితాన్నీ పారవేయను. చీపురు పట్టిన చేతికి తాళం తెలియదని ఎవరు తేల్చారో, ఏ శాస్త్రంలో చదివారో నాకు తెలియదు. తెలియనందుకు వారికి కలగని సిగ్గు వారి తరఫున నాకు కలిగింది. అందుచేత ఆ నాలుగు పేజీలకు మరికొన్ని చేర్చి, ఈసారి ఎవరూ అడగకుండానే రాస్తున్నాను.

ఆయా అన్నది అబద్ధం కాదు. 1986లో ఆమె పదవీ విరమణ దరఖాస్తు నేనే రాసిపెట్టాను. ఫ్రెంచివారి హయాంలో నేను నోటరీ కచేరీలో గుమస్తాను. ఆ కచేరీ పోయింది గానీ పిలుపు పోలేదు. ఫరంపేటలో మా అరుగు మీద కూర్చుని ఇప్పటికీ ఊరివారికి అర్జీలు రాసిపెడుతూనే ఉన్నాను. ఆ దరఖాస్తు నకలులో ఆమె పనులు మూడు ఉన్నాయి: తరగతి గదులు ఊడ్చుట, కుండలలో నీరు నింపుట, గంట కొట్టుట. నాలుగోది కూడా రాస్తానన్నాను.

"అది పని కాదండి గుమస్తాగారూ. దాన్ని ఎవరూ చెయ్యమనలేదు కదండీ" అన్నది.

నేను రాయకుండా మిగిలిన ఆ నాలుగో పనే ఈ కథ.

ఆరోగ్యమ్మది చర్చి వెనక వీధి. ఆమెకు పదేళ్లప్పుడు చర్చికి వచ్చిన ఒక ఫ్రెంచి ఫాదరు పన్నెండు మంది ఆడపిల్లలను పోగుచేసి, ఆరుగురి చేత ఒక వరసా, మిగిలిన ఆరుగురి చేత మరో వరసా పాడించేవాడట. పాట ఒకటే, మాటలు ఒకటే, లయ ఒకటే. మొదటి గొంతువారు అసలు వరస పాడతారు. రెండో గొంతువారు దానికి కొంత కిందగా, దానికి తగిలీ తగలకుండా, వేరే వరస పాడతారు. రెండూ కలిస్తే పాట నిండుగా ఉంటుంది. రెండోదాన్ని విడిగా వింటే మాత్రం పాడేవారికి పాట రాదనిపిస్తుంది. ఆరోగ్యమ్మ రెండో గొంతు.

ఫాదరు వెళ్లిపోయాడు. తక్కిన పదకొండు మంది పిల్లలూ పెళ్లిళ్లయి తలోచోటికీ చేరారు. ఊళ్లో మిగిలింది ఆరోగ్యమ్మ ఒక్కతే. చర్చిలో అందరూ మొదటి గొంతే పాడుతుంటే ఆమె తనకు తెలిసిన రెండోది పాడుతూ నలభై ఏళ్లు గడిపింది. పక్కన కూర్చున్నవారు మోచేత్తో పొడిచి, "పాట తప్పుతన్నావు, సూసుకో" అనేవారట. ఎదురులంక రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు మీద పనిచేసే ఆమె భర్త జేవియర్ మంచి హాస్యగాడు. "మా ఇంట్లో రెండు గొంతులున్నాయండి, రెండూ మా ఆవిడవే" అనేవాడు.

1982లో మాధ్యమిక పాఠశాలకు అమ్మిరాజుగారు ప్రధానోపాధ్యాయుడిగా వచ్చారు. భీమవరం వైపు మనిషి, పాటంటే చెవి కోసుకుంటారు. ఒకనాటి ఉదయం ఎనిమిదో తరగతి గదిలో ఆరోగ్యమ్మ ఊడుస్తూ కూనిరాగం తీస్తుంటే గుమ్మంలో ఆగిపోయారు.

"ఏం పాటమ్మా అది? తెలిసినట్టే ఉంది, తెలీనట్టూ ఉంది."

"మన వల లాగుడు పాటేనండి. ఇది సగమేనండి. మిగతా సగం పాడ్డానికి మనుషులు లేరండి."

అడవిపొలం జాలర్లు లాగుడు వలను ఒడ్డుకు తెచ్చేటప్పుడు పాడే పాట అది. ఇటు తాడు పట్టినవారు కొందరు, అటు తాడు పట్టినవారు కొందరు ఉన్నా, పాడేది మాత్రం ఇటువైపువారే. అటువారు ఊ కొడతారు.

తూరుపు తెల్లారె లాగరా తండ్రీ
ఏరంత బరువాయె లాగరా తండ్రీ

యానాంలో ఈ పాట రాని ఇల్లు లేదు. జాలర్ల ఇళ్లలో వల లాగడానికీ, తక్కినవారి ఇళ్లలో చంటిపిల్లలను ఊపడానికీ పనికివస్తుంది. ఆరోగ్యమ్మ దీనికి రెండో గొంతు కట్టింది. ఏ పుస్తకమూ లేదు, ఏ వాయిద్యమూ లేదు. పద్నాలుగు గదులు ఊడ్చే సమయంలో, గదికి ఇంత చొప్పున, ఎనిమిది నెలల్లో కట్టింది. ఎందుకని అమ్మిరాజుగారు అడిగితే ఆమె చెప్పిన జవాబు తరవాత నాకూ చెప్పింది. ఆనాడే రాసిపెట్టుకున్నాను.

"పాడేవాళ్లకి తమ గొంతే వినపడుద్దండి. చిన్నప్పుడు ఎప్పుడూ లోపల నిలబడే పాడాను. ఒక్కసారి బయట నిలబడి వినాలండి, రెండు గొంతులూ కలిపి. అదీ మన పాట."

ఆమె జీవితంలో అడిగింది ఇదొక్కటే. దీనికోసమే 1983 వేసవిలో పాటల బడి పెట్టారు. అమ్మిరాజుగారిచ్చిన అనుమతి పత్రం నా దగ్గర ఉంది. మే రెండో తేదీ సోమవారం నుంచి ముప్పై ఒకటో తేదీ వరకు, ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు, ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు పాట నేర్పవచ్చును. చివరి రోజున తల్లిదండ్రుల ఎదుట పాడించవలెను. పిల్లల పెద్దల నుండి ఫిర్యాదు వచ్చి అది నిజమని తేలినచో అనుమతి రద్దగును. ఆ చివరి వాక్యం రాసినందుకు అమ్మిరాజుగారిని తప్పుపట్టను. ఒక ఆయాకు బడి అప్పగించే మనిషి అంత జాగ్రత్త పడక తప్పదు. మే నెలలో పిల్లలు ఎండన పడి ఏటి వెంట తిరగకుండా ఉంటే చాలునని ఊరూ ఒప్పుకుంది.

మెట్టకూరు, ఫరంపేట, అడవిపొలాల నుంచి ఇరవై ఎనిమిది మంది వచ్చారు. మొదటి రోజు ఆమె ఒక్క పాటా పాడించలేదు. వరండాలో వరసగా నిలబెట్టి, "మాట్లాడకండి. పక్కవాళ్ల ఊపిరి వినండి" అన్నది.

వెనక వరసలోంచి ఒక గొంతు లేచింది. "ఆయమ్మా, ఈడి ఊపిరి ఎండుచేపల కంపు కొడతంది!"

"వినమన్నాను. వాసన చూడమన్లేదు."

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక మళ్లీ ఊపిరి వినమన్నది. వారం రోజులు అదే. పక్కవాడి గొంతు నీకు వినపడనంత గట్టిగా పాడితే అది పాట కాదు, కేక అని చెప్పింది. రెండో వారం పిల్లలను రెండు జట్లు చేసింది. మొదటి గొంతువారు పద్నాలుగు మంది తూర్పు వరండాలో, రెండో గొంతువారు పద్నాలుగు మంది పడమటి చివర పాత బల్లలు పెట్టే గదిలో. ఒక జట్టు పాట మరో జట్టు చెవిన పడకూడదు. ఇది ఫాదరు నేర్పిన పద్ధతి. తమ వరస కుదరకముందే అసలు వరస వింటే రెండోవారు దాని వెంట పోతారు. రెండు వారాలు విడిగా నేర్పి, నాలుగో వారంలో కలపాలి. ఆమె గంట సేపు ఇక్కడా, గంట సేపు అక్కడా ఉండేది.

పద్ధతి మంచిదే. కాని ఇంటి దగ్గర పాడవద్దని పిల్లలకు చెప్పడం మరిచింది. ఫాదరు నేర్పినవి లాటిను పాటలు, అవి ఇళ్లలో ఎవరికీ రావు కనుక ఆయనకు ఆ చిక్కు రాలేదు. ఈ పాట అందరికీ వచ్చు.

మే ఇరవయ్యో తేదీ, శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటలకు వీరవేణి మా అరుగు దగ్గర చేపల గంప దించింది. అడవిపొలం మనిషి. ఇరవై ఏళ్లుగా మా వీధిలో చేపలు అమ్ముతున్నది. పక్కన ఏడో తరగతి చదివే కూతురు భవాని, వెనక పాపారావు. ఈ పాపారావు నాటకాలకూ భజనలకూ హార్మోనియం వాయిస్తాడు. యానాంలో ఏ పాట విషయమైనా తన చెవిన పడే తీరాలనుకునే రకం.

"అర్జీ రాయాలండి గుమస్తాగారూ" అన్నది వీరవేణి. "హెడ్మాస్టరుగారికి. మా పిల్ల చేత మా అయ్య పాటని తప్పు పాడిస్తన్నారండి ఆ బళ్లో."

"తప్పంటే?"

"మీరే వినండి. ఏమే, పాడు."

భవాని తల దించుకుని పాడింది. నిజం దాచను. నా చెవికి కూడా అది తప్పుగానే తోచింది. మాటలు సరిగ్గా ఉన్నాయి, తాళం సరిగ్గా ఉంది, వరస మాత్రం లేవవలసిన చోట లేవదు, దిగవలసిన చోట నిలబడిపోతుంది. వీరవేణి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మూడేళ్లప్పుడే సక్కగా పాడేదండి ఇది. మాయయ్య ఒళ్లో కూసుని పాడేది. ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు సూడండి, ఏదో పొరుగూరు పాటలాగా! పైగా దీన్ని రెండో జట్టులో పడేశారంట. మొదటి జట్టులో ఎవరండీ ఉంది? రేవులో ఆళ్ల పిల్లలు, పాట రానోళ్లు!"

"స్వరమే లేదండి అందులో" అన్నాడు పాపారావు. "నేను హార్మోనీ మీద వేసి చూశాను. చీపురు పట్టుకునేవాళ్లు పాటల బడి పెడితే ఇలాగే ఏడుస్తది. ఇంకో ముక్క కూడా రాయండి, చర్చి పద్ధతిలో పాడించి పిల్లల్ని..."

"నేనడిగానా ఆ ముక్క?" వీరవేణి గిర్రున తిరిగింది. "ఆరోగ్యమ్మ ఏ దేవుడికి దణ్ణం పెట్టుకుంటే నీకేటి? మా పాట తప్పు పాడిస్తంది, అంతే. అది రాయండి చాలు."

ఆమె చెప్పినది చెప్పినట్టు నేను రాశాను. 'మహారాజశ్రీ ప్రధానోపాధ్యాయులవారి సముఖమునకు' అని మొదలుపెట్టి, 'సంప్రదాయముగా వచ్చుచున్న పాటను వక్రీకరించి బోధించుచున్నారు గనుక సదరు బోధనను వెంటనే నిలుపు చేయించవలెను' అని ముగించాను. ఆ 'వక్రీకరించి' నా మాటే. ఆరోగ్యమ్మను ఒక్కసారి పిలిచి అడగవలెనన్న ఆలోచన నాకు రాలేదు. ఆమెను ఆయా అన్నవారి మీద ఇంత కోపగించుకుంటున్న నేను ఆ రోజు వారికంటే మెరుగుగా ప్రవర్తించలేదు. నకలు నా దగ్గరే ఉంది, ఎవరైనా చూడవచ్చును.

మర్నాడు శనివారం పది గంటలకు అమ్మిరాజుగారు అందరినీ తమ గదికి పిలిపించారు. తొమ్మిదికే పాట ముగిసి పిల్లలంతా ఇళ్లకు పోయారు. గదిలో అమ్మిరాజుగారు, ఆరోగ్యమ్మ, వీరవేణి, తల్లి పక్కన భవాని, పాపారావు, అర్జీ రాసినవాణ్ణి గనుక నేను. అమ్మిరాజుగారు అర్జీ చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏమ్మా ఆరోగ్యమ్మా, ఇది నిజమేనా?"

"నిజమేనండి. ఆ పిల్ల పాడేది వాళ్ల తాత పాడిన వరస కాదండి."

"చూశారా!" అన్నాడు పాపారావు.

"అది రెండో గొంతండి. మొదటిదాంతో కలిపితేనే అర్థమవుద్దండి. సోమవారం నించి రెండు జట్లూ కలుపుదామనుకున్నాను. ఇంకో రెండు రోజులు ఆగితే..."

"రెండు రోజులు ఆగితే తప్పు ఒప్పయిపోద్దా?" పాపారావు నవ్వాడు.

అమ్మిరాజుగారు ఇబ్బందిపడ్డారు. అనుమతి పత్రంలోని చివరి వాక్యం ఆయన రాసినదే. ఫిర్యాదు వచ్చింది. నిజమని ఆమే ఒప్పుకున్నది. "మొదటి గొంతు నువ్వే పాడి వినిపించొచ్చు కదమ్మా, ఇప్పుడే?"

పాడి ఉంటే వ్యవహారం అక్కడితో తేలిపోయేదని నేను అనుకున్నాను. ఆరోగ్యమ్మ అలా అనుకోలేదు.

"నేను పాడితే నాకు నేనే సాక్ష్యం చెప్పుకున్నట్టుంటదండి. పాట వీరవేణిది. ఆవిణ్ణే పాడమనండి."

"నేనా? ఇక్కడా?" వీరవేణి కొంగు బిగించుకుంది. "ఆఫీసులో వల లాగమంటావేటి?"

"మీ అయ్య పాడినట్టే పాడమ్మా. నీ పిల్ల నీతో పాడద్ది. అప్పటికీ తప్పనిపిస్తే సోమవారం నించి బడి లేదు. నేనే గంట కొట్టి అందరికీ చెప్తాను."

అమ్మిరాజుగారు తల ఊపారు. వీరవేణి కిటికీ వైపు తిరిగి, గొంతు సవరించుకుని ఎత్తుకుంది. మా వీధిలో చేపలు కేకవేసే గొంతు అది. ఇంత మెత్తగా పాడగలదని నాకు తెలియదు. భవాని అందుకుంది. ఒక్క చరణం సగం కూడా కాకముందే పిల్ల గొంతు తల్లి గొంతులోకి జారిపోయింది. ఇద్దరూ ఒకే వరస పాడుతున్నారు, చక్కగా, తాత పాడినట్టే.

"అదిగో! సరిగ్గా పాడేసింది!" పాపారావు బల్ల మీద చరిచాడు. "బళ్లో నేర్పింది ఒక్క పూటలో వదిలిపోయింది!"

ఆరోగ్యమ్మ ముఖం పాలిపోయింది. రెండు వారాలు గోడలు అడ్డుపెట్టి ఏది జరగకూడదనుకున్నదో అదే జరిగింది. భవాని తల్లి వైపూ, ఆమె వైపూ మార్చి మార్చి చూసింది. పిల్ల కళ్లలో భయం.

"నిన్ను రెండో జట్టులో ఎందుకు పెట్టానో తెలుసా?" అన్నది ఆరోగ్యమ్మ.

భవాని తెలియదన్నట్టు తల ఊపింది.

"మొదటి వరస ఎముకల్లో ఉన్నవాళ్లే రెండోది నిలబెట్టగలరు. పాట రానోళ్లకి అది ఇవ్వను." వీరవేణి కూడా ఈ మాట విన్నది. ఆరోగ్యమ్మ పిల్ల భుజం పట్టుకుని గోడ వైపు తిప్పింది. "అమ్మని వినొద్దనట్లేదు. బాగా విను. వెంట మాత్రం వెళ్లకు."

వీరవేణి మళ్లీ ఎత్తుకుంది. తూరుపు తెల్లారె. భవాని ఒక క్షణం ఆలస్యంగా అందుకుంది. లాగరా తండ్రీ. గొంతు వణికింది, కాని జారలేదు. తల్లి గొంతు పైకి లేచిన చోట కూతురి గొంతు కింద నిలబడింది. నిన్న మా అరుగు మీద తప్పుగా తోచిన ఆ నిలబడటమే, తల్లి వరస పైన సాగుతుంటే, లేకపోతే వీలుకానట్టు వినిపించింది. ఏరంత బరువాయె అన్న మాట దగ్గర రెండు గొంతుల మధ్య మూడో మోత ఒకటి పుట్టింది. గదిలో ఆ గొంతు ఎవరిదీ కాదు. అమ్మిరాజుగారు కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయారు.

వీరవేణి ఉలిక్కిపడి ఆపేసింది. భవాని ఆపలేదు, గోడను చూస్తూ తన వరస తాను పాడుతూనే ఉంది. ఒంటరిగా అది మళ్లీ వింతగానే ఉంది. కాని ఇప్పుడు దానికి ఏమి తక్కువో గదిలో అందరికీ తెలుసు. వీరవేణి గబగబా మళ్లీ అందుకుంది.



"ఇన్నాళ్లూ మాయయ్య ఒక్కడే లాగుతున్నాడనుకున్నానండి" అన్నది వీరవేణి పాట అయ్యాక. "అటు తాడు మీద కూడా మనిషున్నట్టుంది." ఆరోగ్యమ్మ వైపు తిరిగింది. "ముందే సెప్పొచ్చు కదా తల్లీ! నాకు నోరెక్కువని తెలుసుగా?"

"తప్పు నాదేనమ్మా. ఇంట్లో పాడొద్దని పిల్లలకి చెప్పాల్సింది."

"ఇంట్లో పాడొద్దంటే ఎట్టా? పాడుద్ది. నేనూ పాడతాను."

పాపారావు తల గోక్కున్నాడు. ఓడిపోవడం అతనికి అలవాటు లేదు. "ఇంతకీ మూడో గొంతు కూడా ఉంటదా ఏంటి దీనికి?" అన్నాడు.

"ఉంటదండి. మీరు మాట్లాడకుండా ఉంటే వినపడద్ది" అన్నది ఆరోగ్యమ్మ. అమ్మిరాజుగారు పగలబడి నవ్వారు.

అర్జీ వెనకవైపున, 'పై ఫిర్యాదును నా ఇష్టపూర్వకముగా ఉపసంహరించుకొనుచున్నాను' అని నేను రాయగా వీరవేణి వేలిముద్ర వేసింది. దాని కింద అమ్మిరాజుగారు 'అనుమతి కొనసాగును' అని రాసి సంతకం చేశారు.

సోమవారం నుంచి కొత్త తగవు వచ్చింది. ఆదివారం ఒక్క రోజులో వీరవేణి చేపలతో పాటు ఈ కబురూ మూడు ఊళ్లకు మోసింది. పాట బాగా వచ్చినవాళ్లకే రెండో గొంతు ఇస్తారన్న మాట కూడా మోసింది. మొదటి జట్టు పిల్లల తల్లులు ఏడు గంటలకే బడి గేటు దగ్గర నిలబడ్డారు. మా వాడికేం తక్కువని ఒకరు, మా పిల్లని మొదటి దాంట్లో ఎందుకు పడేశారని మరొకరు. మూడు రోజుల కిందట పడవేయబడినవారు రెండో జట్టువారు. జనం ఇంత వేగంగా అభిప్రాయం మార్చుకుంటారని పుస్తకాల్లో చదివాను గానీ మా వీధిలో చూడటం అదే మొదలు.

ఆరోగ్యమ్మ ఎవరితోనూ వాదించలేదు. గోడలు తీసేసింది. ఇరవై ఎనిమిది మందినీ ఒకే వరండాలో కూర్చోబెట్టి, అందరికీ రెండు వరసలూ నేర్పింది. ఒకనాడు ఈ సగం మొదటిది పాడితే మర్నాడు ఆ సగం పాడేది. ఫాదరు పద్ధతి ఇది కాదు. ఇది యానాం తల్లులు పెట్టిన పద్ధతి. మొదటి నాలుగు రోజులు పాట నాలుగు దిక్కులకూ పోయింది. తొమ్మిదిన్నరకు గాని పిల్లలను వదిలేది కాదు. ఆరో రోజున, భవాని మెట్టకూరు పిల్లల పక్కన నిలబడి వాళ్ల చెవిలో వరస ఊదుతూ ఉండగా, రెండు గొంతులూ మొదటిసారి చివరిదాకా నిలిచాయి. ఆరోగ్యమ్మ ఆ రోజు కూడా రెండోవాళ్లకు బలంగా తాను పాడుతూనే ఉంది. బయటికి వచ్చి వినే ధైర్యం ఇంకా ఆమెకు రాలేదు.

ముప్పై ఒకటో తేదీ మంగళవారం సాయంత్రం అయిదున్నరకు బడి ఆవరణ నిండిపోయింది. ఎండ గోడల మీదికి ఎక్కింది. ఏటి మీది గాలి అప్పుడే మొదలైంది. తల్లిదండ్రులను మాత్రమే పిలిచాము. వచ్చినవారు మాత్రం మూడు ఊళ్లవారు. రేవులో పంటు కోసం ఆగిన ప్రయాణికులు కూడా కొందరు లోపలికి వచ్చి నిలబడ్డారు. పిల్లలు వరండా మెట్ల మీద రెండు వరసలుగా నిలబడ్డారు. ఆరోగ్యమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని రెండో వరస పక్కన నిలబడింది. అరచేయి మీద అరచేయి తట్టి పాట ఎత్తించింది.

మొదటి చరణం ఎంత బాగా వచ్చిందంటే, రెండో చరణానికి జనం ఆగలేకపోయారు. అందరికీ వచ్చిన పాట. తమ పిల్లలు పాడుతున్నారు. ముందు వరసలో ఎవరో లాగరా తండ్రీ అన్నారు. దాంతో ఆవరణంతా అందుకుంది. నాలుగైదు వందల గొంతులు, అన్నీ మొదటి వరసే. వీరవేణి గొంతు అన్నిటికంటే పైన. మెట్ల మీది పద్నాలుగు మంది రెండో గొంతువారు ఆ హోరులో మునిగిపోయారు. వాళ్ల నోళ్లు ఆడుతున్నాయి గాని ఏమీ వినపడటం లేదు. నాలుగు వారాల కష్టం ప్రేమ కింద పడి నలిగిపోతున్నది. అమ్మిరాజుగారు చేతులెత్తి జనాన్ని ఆపబోయారు.

ఆరోగ్యమ్మ ఆయన చేయి పట్టుకుని ఆపింది. మొదటి వరస పిల్లల ఎదుటికి వచ్చి రెండు వేళ్లు చూపించింది. వాళ్లకు తక్షణం అర్థమైంది. ఇరవై ఎనిమిది మందీ ఒక్కసారిగా రెండో గొంతులోకి దిగారు. అసలు వరస పాడటానికి ఊరంతా ఉన్నది. ఇక పిల్లలు చేయవలసింది అటు తాడు పట్టుకోవడమే.

చరణం ముగిసేలోపు అది వినిపించసాగింది. ముందు మెట్ల దగ్గరివారికి, తరవాత మధ్యవారికి. పాడుతున్నవారు తమ గొంతులు తామే తగ్గించుకున్నారు, కింద నుంచి వస్తున్నది ఏమిటో వినడానికి. ఎవరూ చెప్పకుండానే, పక్కవాడి గొంతు వినపడేటంతగా తగ్గించారు. ఆరోగ్యమ్మ పాడటం మానేసింది. మెట్లు దిగి, జనాన్ని దాటుకుంటూ గేటు దాకా నడిచి, అక్కడ వెనక్కి తిరిగి నిలబడింది. నేను గేటు పక్కనే ఉన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఏడుస్తున్నదేమో అనుకున్నాను. ఏడవటం లేదు. పాడకుండా ఉండటానికి నోరు మూసుకున్నది.

పాట అయిపోయింది. "ఇంకోసారి!" అని అరిచారు. "ఇంకోసారి పాడండర్రా!"

ఆరోగ్యమ్మ గేటు దగ్గర నుంచే, ముప్పై ఏళ్లు బడి పిల్లలను లోపలికి తోలిన గొంతుతో అన్నది. "పాడదాం. ఈసారి ఫరంపేట వాళ్లు రెండో గొంతు."

ఆవరణ గొల్లుమంది. మాకు రాదన్నారు ఫరంపేటవారు. మాకివ్వండి మేం పాడతామన్నారు మెట్టకూరువారు.

"రాకపోతే నేర్చుకుంటారు. మిగతావాళ్ల వంతూ వస్తది, అందరూ నేర్చుకోండి. పిల్లలూ, దిగండి. ఎవరి పెద్దవాళ్ల దగ్గరికి వాళ్లు వెళ్లండి."

ఇరవై ఎనిమిది మంది మెట్లు దిగి జనంలోకి నడిచారు. ఒక్కొక్కరి చుట్టూ పదీ పదిహేను మంది మూగారు. పంచెలు ఎగగట్టిన జాలర్లూ, రేవు కూలీలూ, పసుపు కాళ్ల ముత్తయిదువలూ ఏడో తరగతి పిల్లల నోళ్ల వైపు చూస్తూ, ఒక్కొక్క ముక్కే పలుకుతూ, తప్పుతూ, నవ్వుతూ, మళ్లీ మొదలుపెడుతూ ఉన్నారు. ఆవరణలో ఆ కాసేపు పాట అన్నదే లేదు, ఒట్టి గోల. ఆరోగ్యమ్మ ఆ గోలలోంచే మెట్ల వైపు నడిచి, పైకెక్కి, అందరూ ఊపిరి తీసుకునేదాకా రెండు చేతులూ ఎత్తి పట్టుకుని నిలబడింది.